ప్రత్యేక విద్యలో ఉన్నత పట్టా: భాషాభేదం, వైకల్యం మధ్య వివేచన (ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యం)

వ్యాససంగ్రహం:

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులు ప్రత్యేక విద్యలో బి.ఎడ్., ఎం.ఎడ్. పట్టాలు పొందుతారు. ఈ పట్టాలలో నేర్చుకునే నైపుణ్యాలన్నింటికీ మూలం మదింపు. పిల్లల సామర్థ్యాన్నీ అవసరాన్నీ సరిగా గుర్తించిన తరువాతనే బోధన మొదలవుతుంది. మదింపు చాలావరకు మాటల ద్వారా సాగుతుంది కనుక, పిల్లల ఇంటిభాష, పరీక్షించేవారి భాష వేరైనచోట ఫలితం తారుమారు కావచ్చు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో కోయ మాతృభాషగా గల పిల్లల విషయంలో ఈ సమస్య ముఖ్యమైనది. భాషాభేదాన్ని వైకల్యంగా, వైకల్యాన్ని భాషాభేదంగా పొరబడకుండా ఉండాలంటే ప్రత్యేక విద్య పట్టాలో స్థానిక భాషాజ్ఞానం ఒక భాగం కావాలని, అందుకు తెలుగు శాఖలు చేయగల పని ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రత్యేక విద్య, సహిత విద్య, మదింపు, కోయ భాష, మాతృభాష, వైకల్యం, భద్రాచలం ఏజెన్సీ.

1. ఉపోద్ఘాతం:

తరగతి గదిలో ఒక పిల్ల మౌనంగా కూర్చుంటుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పదు. ఇందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. ఆమెకు సరిగా వినబడకపోవచ్చు. విన్నదాన్ని గ్రహించే శక్తి వయసుకు తగినట్లు ఎదగకపోవచ్చు. లేదా ఉపాధ్యాయుడు మాట్లాడే భాష ఆమె ఇంటిభాష కాకపోవచ్చు. మొదటి రెండూ వైకల్యానికి సంబంధించినవి. మూడవది కాదు. బయటికి మాత్రం మూడూ ఒకే మౌనంగా కనిపిస్తాయి. ఈ మౌనానికి కారణమేమిటో తేల్చి చెప్పవలసిన బాధ్యత ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవారిది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం గలవారు 2.68 కోట్లు. అంటే జనాభాలో 2.21 శాతం. నాటి లెక్కలు 1995 నాటి చట్టం అమలులో ఉన్న కాలానివి. ఆ చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. స్వలీనత, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, వాక్, భాషా వైకల్యం ఈ జాబితాలో చేరాయి. గిరిజన ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ వ్యాధి కూడా చేరింది. చట్టం పరిధి విస్తరించిన కొద్దీ గుర్తించవలసిన పిల్లల సంఖ్య, గుర్తించగల ఉపాధ్యాయుల అవసరం రెండూ పెరిగాయి.

2. ప్రాంతం, ప్రజలు, భాషలు:

భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. దుమ్ముగూడెం, చర్ల మండలాలు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల అడవి మొదలవుతుంది. ఈ విధంగా ఒకే తెగకు చెందిన బంధువర్గం మూడు రాష్ట్రాల పాలనలో, మూడు విద్యాశాఖల పరిధిలో ఉంటుంది.

భాషల పరంగా ఈ ప్రాంతం ఏకరూపం కాదు. కొండరెడ్లు తెలుగు మాండలికం మాట్లాడతారు. కోయలలో తెలుగే ఇంటిభాషగా మారినవారు ఉన్నారు, కోయ భాషను నిలుపుకున్నవారూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన గుత్తికోయల మాట స్థానిక కోయకు కొంత భిన్నంగా ఉంటుంది. కోయ భాష గోండికి సన్నిహితమైనది. తెలుగు, కోయ రెండూ దక్షిణ మధ్య ద్రావిడ భాషలే. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల భాషకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. 2011 జనాభా లెక్కలలో 4 లక్షలకు పైగా ప్రజలు కోయను మాతృభాషగా నమోదు చేసుకున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో ఎనిమిది గిరిజన భాషలకు చోటు దక్కింది. కోయ వాటిలో ఒకటి. తెలుగు లిపిలోనే కోయ వాచకాలు తయారయ్యాయి. కోయ పిల్లలు ఇంటిభాషలో చదువు మొదలుపెడితే సులువుగా నేర్చుకుంటారన్న భావన ఆ కార్యక్రమానికి ఆధారం. ఇదే భావనను ప్రత్యేక విద్యకు వర్తింపజేయడం ఇప్పుడు కావలసిన పని.

3. పట్టా స్వరూపం:

3.1. చట్టబద్ధత:

సాధారణ బి.ఎడ్.ను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నియంత్రిస్తుంది. ప్రత్యేక విద్యను భారత పునరావాస మండలి నియంత్రిస్తుంది. ఈ మండలికి చట్టరూపం 1992లో వచ్చింది. చట్టం 1993లో అమలులోకి వచ్చింది. గుర్తింపు పొందిన అర్హత సాధించి, కేంద్ర పునరావాస పట్టికలో పేరు నమోదు చేసుకున్నవారే ఈ వృత్తి చేయాలి. నమోదు లేకుండా చేయడం శిక్షార్హమైన నేరం. ప్రత్యేక ఉపాధ్యాయుడిని వైద్యుడి వలె నమోదు పొందిన వృత్తినిపుణుడిగా చట్టం పరిగణిస్తున్నదని దీనివల్ల తెలుస్తుంది. అతని నిర్ణయం ఒక పిల్లవాడి జీవితగమనాన్ని మార్చగలదు కనుకనే ఈ కట్టుబాటు.

3.2. పాఠ్యప్రణాళిక:

ఏదైనా డిగ్రీ పూర్తిచేసినవారు బి.ఎడ్. ప్రత్యేక విద్యలో చేరవచ్చు. 2015 నుండి ఇది రెండేళ్ళ కోర్సు. దృష్టి, వినికిడి, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, స్వలీనత, బహుళ వైకల్యం వంటి వాటిలో ఒకదాన్ని ప్రత్యేకాంశంగా ఎంచుకోవాలి. పాఠ్యప్రణాళికలో ఆరు విభాగాలు ఉన్నాయి. మొదటిది శిశువికాసం, బోధన పద్ధతులు వంటి మూలాంశాలు. రెండవది అన్ని రకాల వైకల్యాల పరిచయం, సహిత విద్య. మూడవది ఎంచుకున్న ప్రత్యేకాంశం. అవసరాల గుర్తింపు, మదింపు, పాఠ్యాంశాల అనుకూలీకరణ, బోధన వ్యూహాలు, సాంకేతికత, కుటుంబ సమస్యలు ఇందులోకి వస్తాయి. తక్కిన మూడు విభాగాలు వృత్తి సామర్థ్యం, ప్రయోగాలు, క్షేత్రానుభవం.

ఎం.ఎడ్. ప్రత్యేక విద్య కూడా రెండేళ్ళ కోర్సు. బి.ఎడ్. బోధన నేర్పితే, ఎం.ఎడ్. ఆ బోధనను పరీక్షించే పరిశోధనను నేర్పుతుంది. ఉపాధ్యాయులను తయారుచేసే అధ్యాపకులు కావడానికి ఇది అర్హత. ఇందులో పరిశోధన నివేదిక తప్పనిసరి. ఈ వ్యాసం దృష్టిలో ఈ నివేదికకు చాలా ప్రాధాన్యం ఉంది. ఆ విషయం ముందుకు వస్తుంది.

3.3. చేరే మార్గాలు, దూరభారం:

1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఇప్పుడు జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థగా పేరు మార్చుకుంది. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్న ఈ సంస్థ బి.ఎడ్., ఎం.ఎడ్. స్థాయిలలో ప్రత్యేక విద్యను బోధిస్తుంది. భద్రాచలం నుండి అక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో బి.ఎడ్. ప్రత్యేక విద్యను రెండున్నర సంవత్సరాల కోర్సుగా అందిస్తుంది. ఇల్లు, పొలం, ఉద్యోగం వదలలేనివారికి ఇది అందుబాటు మార్గం. అయితే దూరవిద్యలో కూడా సంప్రదింపు తరగతులు, బోధనాభ్యాసం, ప్రయోగాలు తప్పవు.

దూరానికి మించిన మరొక సమస్య ఉంది. పట్టణంలో శిక్షణ పొందే విద్యార్థి పట్టణపు పిల్లలనే మదింపు చేస్తాడు. పట్టణపు పరికరాలే వాడతాడు. తిరిగి వచ్చి చర్ల మండలంలోని ఒక ఆవాసంలో పనిచేసేటప్పుడు అవే పరికరాలు అక్కడి పిల్లల ముందు పెడతాడు. ఆ పిల్లల భాష, పరిసరాలు ఆ పరికరాలు తయారుచేసినవారి ఊహలో ఉండవు.

3.4. ఉద్యోగ నేపథ్యం:

రజనీశ్ కుమార్ పాండే కేసులో సర్వోన్నత న్యాయస్థానం 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పు ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకాలకు మూలమైంది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తిని ఆ తీర్పు సూచించింది. 2025 మార్చి 7న అదే కేసులో పోస్టుల మంజూరుపై రాష్ట్రాలకు మళ్ళీ ఆదేశాలు వెలువడ్డాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 11,062 ఉపాధ్యాయ పోస్టులకు ఇచ్చిన ప్రకటనలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 సెకండరీ గ్రేడ్ పోస్టులు ఉన్నాయి. అంతవరకు ఈ పనిలో ఎక్కువ భాగం భవిత కేంద్రాలలో పనిచేసే సహిత విద్య వనరుల ఉపాధ్యాయుల మీదనే ఆధారపడింది. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి బోధించడం కూడా వారి విధులలో భాగం.

షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వు సంఖ్య 3ను సర్వోన్నత న్యాయస్థానం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. ఆ ఉత్తర్వు ఉన్నప్పుడు స్థానిక భాష తెలిసినవారు తరగతికి రావడానికి ఒక హామీ ఉండేది. ఇప్పుడు ఆ హామీ లేదు. కనుక భాషను నియామకపు నిబంధన ద్వారా రాబట్టడం కష్టమైనచోట, శిక్షణ ద్వారా రాబట్టవలసి ఉంటుంది.

4. మదింపులో భాష:

4.1. పదాల స్థాయి:

మదింపులో బొమ్మను చూపి పేరు చెప్పమనడం సాధారణ పద్ధతి. నీళ్ళ గ్లాసు బొమ్మ చూపితే కోయ పిల్లవాడు 'ఏరు' అంటాడు. కోయలో ఏరు అంటే నీరు. తెలుగులో ఏరు అంటే నది. రెండు భాషలకూ ఒకే మూలం నుండి వచ్చిన పదం ఇది. తెలుగు మాత్రమే తెలిసిన పరీక్షకుడికి ఆ జవాబు తప్పుగా వినిపిస్తుంది. గ్లాసును చూసి నది అంటున్నాడంటే వస్తువును గుర్తించలేదని రాసుకోవచ్చు. ఇంటి బొమ్మ చూపితే అదే పిల్లవాడు 'లోను' అనవచ్చు. కోయలో అది ఇల్లు. తెలుగు చెవికి అది 'లోన' అన్న మాటలా వినిపిస్తుంది. వస్తువు పేరు చెప్పమంటే స్థానం చెబుతున్నాడన్న అభిప్రాయం కలుగుతుంది.

పూర్తిగా అపరిచితమైన భాషలో జవాబు వస్తే పరీక్షకుడు ఆగి ఆలోచిస్తాడు. సోదరభాషలో వచ్చిన జవాబు అర్థమైనట్లే ఉంటుంది కనుక ఆగడు. తెలుగు, కోయల మధ్య ఉన్న దగ్గరితనమే ఇక్కడ పొరపాటుకు కారణమవుతుంది.

4.2. ఉచ్చారణ స్థాయి:

వాక్ మదింపులో ధ్వనులు స్పష్టంగా పలుకుతున్నారా అన్నది చూస్తారు. మహాప్రాణాలు ద్రావిడ భాషల స్వంత ధ్వనులు కావు. సంస్కృతం ద్వారా అవి తెలుగు వర్ణమాలలో చేరాయి. కోయ పిల్లలు 'భారతం'ను 'బారతం' అంటే అది ఉచ్చారణ దోషం కాదు. తెలుగు గ్రామాలలో కూడా చాలామంది అలాగే పలుకుతారు. శ, ష, సల భేదం విషయమూ ఇంతే. ఇంటిభాషలో లేని ధ్వనిని పలకకపోవడం భాషాభేదం. ఇంటిభాషలో ఉన్న ధ్వనిని ఆ వయసు పిల్లలు పలికినట్లు పలకలేకపోవడం వైకల్యానికి సూచన. ఈ ఒక్క సూత్రం తెలిసినా చాలా తప్పులు తగ్గుతాయి.

4.3. చదవడం, రాయడం:

నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించే పరికరాలు ఎక్కువగా ఆంగ్లం చుట్టూ పెరిగాయి. ఆంగ్లంలో అక్షరానికీ ధ్వనికీ పొంతన తక్కువ. తెలుగులో పొంతన ఎక్కువ. తెలుగులో కష్టం మరొక చోట ఉంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాల సంఖ్య ఎక్కువ. ఆకార సామ్యం గల అక్షరాలు అనేకం. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన 'డాలి' అనే డిస్లెక్సియా మదింపు సాధనం మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషలలో వచ్చింది. ప్రతి భాషకూ దాని లిపిస్వభావానికి తగిన సాధనం వేరుగా కావాలన్న సూత్రం ఇందులో కనిపిస్తుంది. కోయ ఇంటిభాషగా ఉండి తెలుగు లిపిలో చదువు నేర్చే పిల్లలకు ఈ సూత్రాన్ని మరింత జాగ్రత్తగా అన్వయించాలి. వారు కొత్త లిపిని, కొత్త భాషను ఒకేసారి నేర్చుకుంటున్నారు.

దృష్టివైకల్యం గలవారికి బోధించేవారికి తెలుగు లిపి నిర్మాణం మరొక విధంగా అవసరమవుతుంది. 1951లో రూపొందిన భారతి బ్రెయిల్‌లో తెలుగు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా వస్తాయి. 'కి' అన్న అక్షరాన్ని క, ఇ అన్న రెండు గుర్తులుగా రాస్తారు. 'అమ్మ' అన్న పదంలో ఒత్తు కిందికి రాదు. మొదటి మకారానికి ముందు హలంతాన్ని సూచించే నాలుగో చుక్క ఉంచి, రెండు మకారాలనూ వరుసగా రాస్తారు. గుణింతం, సంయుక్తాక్షరాల స్వరూపం తెలియని ఉపాధ్యాయుడు బ్రెయిల్‌ను యాంత్రికంగా మాత్రమే నేర్పగలడు.

4.4. రెండు రకాల పొరపాట్లు:

భాషాభేదాన్ని వైకల్యంగా భావించడం మొదటి పొరపాటు. దీనివల్ల ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి మేధోవైకల్యం ఉందన్న ముద్ర పడుతుంది. ఉపాధ్యాయుల అంచనాలు తగ్గుతాయి. చదువులో అతని స్థాయి నిజంగానే తగ్గుతుంది. చివరికి ముద్ర సరైనదే అన్నట్లు కనిపిస్తుంది.

వైకల్యాన్ని భాషాభేదంగా భావించడం రెండవ పొరపాటు. ఇది చాలా తక్కువగా చర్చకు వస్తుంది. మొదటిదానికన్నా తక్కువ ప్రమాదకరమైనది మాత్రం కాదు. 'కోయ పిల్ల కదా, తెలుగు రాదు, నెమ్మదిగా అదే వస్తుంది' అన్న సానుభూతి మాట వెనుక వినికిడి లోపం దాగి ఉండవచ్చు. భాష నేర్వడానికి తొలి సంవత్సరాలు కీలకమైనవి. చెవిటితనాన్ని గుర్తించడంలో గడిచిన ప్రతి సంవత్సరం ఆ పిల్ల భాషాభివృద్ధిలో నష్టమే. మలేరియా తీవ్రమై మెదడుపై ప్రభావం చూపిన పిల్లలలో, సికిల్‌సెల్ వ్యాధి వల్ల తరచూ బడి మానే పిల్లలలో కూడా చదువులో వెనుకబాటును భాషకే ఆపాదించే అవకాశం ఉంది. 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం లభిస్తేనే అనేక సదుపాయాలు వర్తిస్తాయి. సదరం శిబిరానికి ఆ పిల్లను పంపాలని ఎవరికీ తోచకపోతే ఆ హక్కులన్నీ కాగితానికే పరిమితమవుతాయి.

5. అమెరికా అనుభవం:

ఈ సమస్య భద్రాచలానికే పరిమితం కాదు. కాలిఫోర్నియాలో స్పానిష్ ఇంటిభాషగా గల పిల్లలను ఆంగ్లంలో బుద్ధిపరీక్ష చేసి, మేధోవైకల్యం గలవారి తరగతులలో ఉంచారు. తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. డయానా కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలోని పిల్లలను స్పానిష్‌లో తిరిగి పరీక్షించినప్పుడు వారిలో ఎక్కువమందికి ఆ ముద్ర తగదని తేలింది. 1970లో ఒప్పందం కుదిరింది. పిల్లలను వారి ఇంటిభాషలో కూడా పరీక్షించాలని నిర్ణయమైంది. 1975లో వచ్చిన అమెరికా వికలాంగ బాలల విద్యాచట్టంలో మాతృభాషలో మదింపు ఒక నిబంధనగా చోటు చేసుకుంది.

భారతదేశంలో ఇందుకు తగిన చట్టపునాది ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతుంది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన జరగాలని 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ చెబుతుంది. బోధన గురించి చెప్పిన ఈ మాటను మదింపుకూ విస్తరింపజేయడం న్యాయమైన తర్కమే.

6. భాషాస్పృహ గల మదింపు క్రమం:

పట్టా అధ్యయనంలో భాగంగా ఈ ప్రాంతంలో క్షేత్రానుభవం పొందే విద్యార్థులు కింది క్రమాన్ని అనుసరించడం ఉపయుక్తం.

1. ముందుగా వినికిడి, దృష్టి పరీక్షలు పూర్తిచేయాలి. ఇవి తేలకుండా బుద్ధిపరీక్షకు వెళ్ళకూడదు.
2. ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడతారో తల్లిదండ్రులను, తాతమామలను అడిగి నమోదు చేయాలి. తెగ పేరును బట్టి భాషను ఊహించకూడదు.
3. పిల్ల ఇంటిభాషలో మాట్లాడుతుండగా వినాలి. కోయ తెలియని పరీక్షకులు కోయ తెలిసిన ఉపాధ్యాయుల లేదా అంగన్‌వాడీ కార్యకర్తల సాయం తీసుకోవాలి. పిల్ల మాట ఆ వయసు పిల్లల మాటలా ఉందా అన్నది ఆ భాష మాట్లాడేవారే చెప్పగలరు.
4. మాటలు అవసరం లేని పరీక్షలు వాడాలి. ఆకారాలను వాటి గుంటలలో అమర్చే సెగ్విన్ ఫలకం వంటివి ఉదాహరణలు. ఇవి కూడా పూర్తిగా సంస్కృతికి అతీతం కావన్న ఎరుక ఉండాలి.
5. ఆటలో, పనిలో పిల్లను గమనించాలి. ఇంట్లో చురుకుగా పనిచేసి బడిలో మాత్రమే మూగబోతే కారణాన్ని భాషలో, బడి వాతావరణంలో ముందుగా వెతకాలి. రెండుచోట్లా ఒకే ఇబ్బంది ఉంటే వైకల్యపు అనుమానం బలపడుతుంది.
6. ఇంటిభాష ఆధారంగా కొంతకాలం బోధించి తిరిగి మదింపు చేయాలి. ఒక్క సమావేశంతో తుది నిర్ణయానికి రాకూడదు.

7. స్థానిక జీవితమే పాఠ్యాంశం:

మదింపు తరువాత ప్రతి పిల్లకూ వ్యక్తిగత విద్యాప్రణాళిక తయారుచేయాలి. మేధోవైకల్యం గల పిల్లల విషయంలో నిత్యజీవితానికి పనికివచ్చే చదువుకు ప్రాధాన్యం ఇస్తారు. పట్టణంలో ఇది ట్రాఫిక్ దీపాలు, లిఫ్టు మీటలు, దుకాణపు బిల్లులుగా ఉంటుంది. అడవి అంచున అవి పనికిరావు.

వేసవిలో ఈ ప్రాంతమంతటా తునికాకు సేకరణ సాగుతుంది. యాభై ఆకులు ఒక కట్ట. కట్ట కట్టడంలో లెక్కింపు, పోలిక, వర్గీకరణ, చేతివేళ్ళ నైపుణ్యం అన్నీ ఉన్నాయి. చిరిగిన ఆకును వేరుచేయడం వర్గీకరణ. పదేసి చొప్పున అయిదు వరుసలు పేర్చడం లెక్క. నారతో ముడివేయడం చేతిపని. మేధోవైకల్యం గల బాలుడు మొదట పది వరకు, తరువాత యాభై వరకు లెక్కించగలిగితే అతను కుటుంబ ఆదాయంలో భాగస్వామి అవుతాడు. ఇప్పపూలు ఏరడం, వారపు సంతలో చిల్లర లెక్కచూసుకోవడం కూడా ఇలాంటివే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పనిని పాఠంగా మలచడం వేరు, పిల్లలను పనిలో పెట్టడం వేరు. మొదటిది ప్రణాళిక ప్రకారం, కొద్దిసేపు, నేర్పు కోసం జరుగుతుంది. రెండవది బాలశ్రమ.

8. పరిభాష సమస్య:

ప్రత్యేక విద్యలో తెలుగు పరిభాష స్థిరపడలేదు. ఒకే భావనకు విలీన విద్య, సమ్మిళిత విద్య, సహిత విద్య అన్న మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. వీటి అర్థాలు ఒకటి కావు. విలీనంలో పిల్ల బడికి తగినట్లు మారాలి. సహితంలో బడి పిల్లకు తగినట్లు మారాలి. 1995 చట్టం కాలంలో 'బుద్ధిమాంద్యం' అన్న మాట చలామణిలో ఉండేది. నేడు 'మేధోవైకల్యం' అంటున్నారు. మాట మారడం మర్యాద కోసమే అనుకోవడం పొరపాటు. మాంద్యం అన్న మాట వ్యక్తి స్వభావాన్ని నిర్ణయిస్తుంది. వైకల్యం అన్న మాట అవసరమైన సహాయం గురించి ఆలోచింపజేస్తుంది.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఈ సమస్య రెట్టింపవుతుంది. ఆంగ్లంలో చదివిన పదాన్ని విద్యార్థి తెలుగులోకి మార్చాలి. కోయ తల్లికి ఆ తెలుగు పదం కూడా పరాయిదే. అటువంటిచోట పారిభాషిక పదం వదిలి, పిల్ల ఏమి చేయగలదో, ఏమి చేయలేకపోతున్నదో వర్ణించి చెప్పడమే మేలు. అలా చెప్పగలగడం కూడా శిక్షణలో నేర్పవలసిన విద్య.

9. పరిశోధనావకాశాలు, తెలుగు శాఖల పాత్ర:

ఎం.ఎడ్. ప్రత్యేక విద్యలోని పరిశోధన నివేదిక ఈ ప్రాంతానికి ఎంతో మేలు చేయగలదు. కోయ పిల్లల వయోక్రమ భాషాభివృద్ధి ఎలా ఉంటుంది, ఏ వయసులో ఏ ధ్వనులు స్థిరపడతాయి, తెలుగు మాధ్యమంలో చదివే కోయ పిల్లలు చదవడంలో చేసే తప్పుల స్వభావం ఏమిటి అన్న ప్రశ్నలకు సమాధానాలు లభిస్తే మదింపు సాధనాలకు ఆధారం ఏర్పడుతుంది. సాధారణ వికాసం తెలియనిదే వైకల్యాన్ని నిర్ధారించడం సాధ్యం కాదు.

ఈ పరిశోధన ఒక్క విద్యాశాఖ చేయగలది కాదు. తెలుగు శాఖలలో మాండలిక పరిశోధన, పదకోశ నిర్మాణం, ద్రావిడ భాషాశాస్త్ర అధ్యయనం చాలాకాలంగా ఉన్నాయి. గిరిజన సాహిత్యంపై పరిశోధనలు చేసేవారు పాటలు, కథలు సేకరిస్తున్నారు. అదే క్షేత్రపర్యటనలో పిల్లల మాటలను కూడా నమోదు చేస్తే ప్రత్యేక విద్యకు ఉపయోగపడే సామగ్రి సమకూరుతుంది. భద్రాద్రి కొత్తగూడేనికి పొరుగున ఉన్న ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టరూపం ఇచ్చింది. అక్కడ ప్రత్యేక విద్యా శాఖ ఏర్పడితే గోదావరి తీరపు విద్యార్థికి హైదరాబాదు దూరం తగ్గుతుంది. అంతకు మించి, శిక్షణ అడవి పరిసరాలలోనే జరుగుతుంది.

కోయ యువతీయువకులు ఈ పట్టాలు పొందడం అన్నింటికన్నా ముఖ్యం. ఇంటిభాష తెలిసిన ప్రత్యేక ఉపాధ్యాయురాలికి 'ఏరు' అన్న జవాబు సరైనదని వెంటనే తెలుస్తుంది. అనువాదకుల అవసరం ఆమెకు లేదు. అయితే ఈ పని వారికే వదిలి తక్కినవారు తప్పుకోవడం సరికాదు. ఏజెన్సీలో పనిచేసే ప్రతి ప్రత్యేక ఉపాధ్యాయుడికీ కనీస కోయ పరిచయం శిక్షణలో భాగం కావాలి.

10. ముగింపు:

• ప్రత్యేక విద్య పట్టా చట్టబద్ధమైన వృత్తి అర్హత. దాని విలువ మదింపు విశ్వసనీయతపై ఆధారపడి ఉంటుంది.
• ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో మదింపు విశ్వసనీయత పిల్లల ఇంటిభాషతో ముడిపడి ఉంది. తెలుగు, కోయ సోదరభాషలు కావడం పొరపాటును తగ్గించదు, దాచిపెడుతుంది.
• భాషాభేదాన్ని వైకల్యంగా భావించడం, వైకల్యాన్ని భాషాభేదంగా కొట్టిపారేయడం రెండూ పిల్లలకు హాని చేస్తాయి. రెండింటికీ ఒకే నివారణ: ఇంటిభాషలో వినడం.
• వ్యక్తిగత విద్యాప్రణాళికలు తునికాకు, ఇప్పపువ్వు, సంత వంటి స్థానిక జీవితాంశాల ఆధారంగా రూపొందాలి.
• ప్రత్యేక విద్య పరిభాషను స్థిరపరచడం, కోయ పిల్లల సాధారణ భాషాభివృద్ధిని నమోదు చేయడం తెలుగు శాఖలు, విద్యాశాఖలు కలిసి చేపట్టవలసిన పరిశోధనలు.
• కోయ భాషాపరిచయం ఏజెన్సీ ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణలో భాగం కావాలి. స్థానిక గిరిజన విద్యార్థులు ఈ పట్టాలు పొందేందుకు సమీపంలో అవకాశాలు ఏర్పడాలి.

నీటి బొమ్మను చూసి 'ఏరు' అన్న పిల్లవాడికి ఒక మార్కు వస్తుందా, ఒక ముద్ర పడుతుందా అన్నది అతని తెలివిపై ఆధారపడదు. ఎదురుగా కూర్చున్నవారు ఏమి చదువుకున్నారన్న దానిపై ఆధారపడుతుంది.